తప్పిపోయినవాళ్ళ పందిరి

మొన్న ఆదివారం సాయంత్రం ఎదురింటి పిల్ల తలుపు కొట్టి, "ఆంటీ, మీతో ఒక గంట కూర్చోవాలి" అంది. చేతిలో ఒక కాగితం. ఎనిమిదో తరగతి చదువుతోంది. లిఫ్టు దగ్గర కనిపిస్తే నవ్వుతుంది, అంతకు మించి మా ఇద్దరి మధ్యా మాటల్లేవు. ఏమిటి సంగతని కాగితం తీసుకుని చూశాను. వాళ్ళ బళ్ళో ఆడపిల్లల బృందం ఒకటుందట, నెలకొక సేవ చెయ్యాలట. ఈ నెల సేవ ఏమిటో పైన అచ్చు వేసి ఉంది: 'ఒంటరిగా ఉండే పెద్దవారితో ఒక గంట.'

నాకింకా యాభై నిండలేదు. మోకాళ్ళు బాగానే ఉన్నాయి, కూరగాయల సంచీ నేనే మోసుకొస్తాను. అయినా ఆ కాగితం లెక్కన నేను పెద్దదాన్ని, పైగా ఒంటరిదాన్ని. ముందు కోపం వచ్చింది, ఆ వెనకే నవ్వూ వచ్చింది. ఇంత పెద్ద అపార్ట్‌మెంటులో నీకు నేనే దొరికానా అని అడగబోయి, పిల్ల మొహం చూసి ఊరుకున్నాను. "మా మమ్మీ చెప్పింది ఆంటీ, మీరు ఒక్కరే ఉంటారని" అంది. వాళ్ళమ్మ అబద్ధమేమీ చెప్పలేదు. లోపలికి రమ్మన్నాను.

కాగితం అడుగున రెండు గడులున్నాయి. వచ్చిన సమయం, వెళ్ళిన సమయం. మొదటి దాంట్లో ఐదు అని తనే రాసుకుని, సోఫా అంచున కూర్చుని, "మీ చిన్నప్పుడు ఇలాంటివి ఉండేవా ఆంటీ?" అంది. ఆ ప్రశ్న కూడా బళ్ళో రాసిచ్చిందే అయుంటుంది.

ఉండేవి. ఆ పిల్లకి సగం చెప్పాను. చెప్పని సగం ఇక్కడ రాసుకుంటున్నాను.

మాది పుత్తూరు అవతల చిన్న పల్లె. నాయనకు చెరుకు తోట, ఒక బెల్లం గానుగ ఉండేవి. నాకు ఆరేళ్ళు నిండకుండానే అమ్మ పోయింది. అవ్వ నన్ను సాకింది. అవ్వ కూడా పోయాక, ఇంట్లో ఆడదిక్కు లేదని నాయన నన్ను తిరుపతిలో ఆడపిల్లల హైస్కూల్లో వేసి, దాని వెనకే ఉన్న హాస్టల్లో చేర్చాడు. రేకు పెట్టె మంచం కింద తోసి, "బాగా సదువుకో పాపా" అని ఒక్క మాట అని, వెనక్కి చూడకుండా గేటు దాటిపోయాడు. చూస్తే ఏడుపు ఆగదని పోయాడేమో. నాకు తెలిసింది మాత్రం ఆయన చూడలేదనే.

హాస్టల్లో అన్ని రోజులూ ఒక ఎత్తు, ఆదివారం ఒక ఎత్తు. ఆ రోజు ఇళ్ళనుంచి వచ్చేవాళ్ళు. పది గంటల నుంచి గేటు దగ్గర చెప్పుల చప్పుడు, వరండా పొడుగునా క్యారియర్లు విప్పిన వాసన. ఒకరి క్యారియర్లో ఓళిగలు, ఒకరి దాంట్లో నిమ్మకాయ చిత్రాన్నం, ఇంకొకరి దాంట్లో రాగి సంగటీ కోడికూరా. మా నాయన గానుగ ఆడే కాలంలో రాలేడు. పాకం పొయ్యి మీదుంటే మనిషి పక్కనే ఉండాలి. మిగతా కాలంలో కూడా నెలకొకసారి వస్తే గొప్ప. నా పక్క మంచం పిల్లది పులికాట్ సరస్సు ఒడ్డు, దాని పెట్టె మూత తీస్తే గది గదంతా ఎండు రొయ్యల వాసన. వాళ్ళ వాళ్ళు వచ్చినప్పుడల్లా "రా మే, ఒక ముద్ద తిందువు" అని పిలిచేది. "ఆకలి లేదు మే" అనేదాన్ని. నిజానికి ఆకలి ఉండేది. వాళ్ళమ్మ దానికి కలిపి పెడుతుంటే పక్కన కూర్చుని చూడలేకపోయేదాన్ని, అంతే.

అలాంటి ఆదివారాల నుంచి నన్ను తప్పించింది దళం. మా బళ్ళో ఆడపిల్లల సేవా బృందాన్ని అందరూ దళం అనేవాళ్ళు. నీలం గౌను, పసుపు స్కార్ఫు, మెడలో తాడుకు కట్టిన ఈల. దళం పనులన్నీ ఆదివారాలే ఉండేవి. ఇళ్ళవాళ్ళు వస్తారని చాలామంది ఎగ్గొట్టేవాళ్ళు, నేను అందుకే చేరాను. సేవ మీద ప్రేమ అని ఎవరన్నా అనుకుని ఉంటే అది వాళ్ళ మంచితనం.

దళాన్ని నడిపేది లెక్కల టీచరు. బక్కపల్చటి మనిషి, ఎండైనా వానైనా చంకలో గొడుగు. "సేవంటే ఫోటోకి నిలబడేది గాదు మే, కాళ్ళు నొప్పెత్తేదాకా నిలబడేది" అనేది. నిజంగానే నిలబెట్టేది. ఎండాకాలంలో బస్టాండు పక్కన చలివేంద్రం పెట్టించేది. తడిగుడ్డ చుట్టిన కుండల్లో నీళ్ళు, ఒక పెద్ద డేగిసాలో కరివేపాకూ అల్లమూ దంచి వేసిన మజ్జిగ. దారిన పోయేవాళ్ళకు పోయాల్సిన మజ్జిగలో మా కడుపుల్లోకి పోయిందే ఎక్కువ. తాగిన మేరకు నీళ్ళు కలిపేవాళ్ళం. మధ్యాహ్నానికి అది మజ్జిగా కాదు, నీళ్ళూ కాదు. ఒక ముసలాయన గ్లాసు పైకెత్తి వెలుగులో చూసి, "ఏం పాపా, ఈ మజ్జిగలో నా మొగం కనపడతా ఉండాదే" అన్నాడు. టీచరు మా మూతుల మీద అంటుకున్న కరివేపాకు ముక్కలు చూసి, గొడుగు ఇంకో చంకలోకి మార్చుకుంది.

పోలియో చుక్కల రోజు ఇంకో సరదా. ఐసు పెట్టె మోసే అక్క వెంట ఇల్లిల్లూ తిరిగి, చుక్కలు వేసిన ఇంటి తలుపు మీద సుద్దముక్కతో గుర్తు పెట్టాలి. పులికాట్ పిల్ల మా వార్డెనమ్మ గది తలుపు మీద కూడా గుర్తు పెట్టి, పక్కన 'చుక్కలు వేయబడినవి' అని రాసింది. వారం పాటు ఎవరూ చెరపలేదు. ఇవన్నీ ఎదురింటి పిల్లకి చెబితే పగలబడి నవ్వింది.

ఇక్కడ మా అమ్మ సంగతి చెప్పాలి.

అమ్మకు జబ్బు చేసినప్పుడు కొండకు తలనీలాలు మొక్కుకున్నారు. నాకప్పుడు ఐదేళ్ళు. నన్ను అవ్వ దగ్గర వదిలి అమ్మానాయనా కొండకు పోయారు. తిరిగొచ్చిన రోజు నేను అరుగు మీద ఆడుకుంటున్నాను. ఎద్దుల బండి దిగి ఒక మనిషి చేతులు చాపుకుంటూ నా వైపు వచ్చింది. నున్నటి గుండు, దాని మీద ఎండి పగిలిన గంధం, కళ్ళు పెద్దవిగా, చెవులు బయటికి. మా అమ్మకు నడుము దాటే జడ ఉండేది, ఆ జడ పట్టుకునే నేను నిద్రపోయేదాన్ని. ఈ మనిషిని చూసి కెవ్వుమని అరిచి గాదెల వెనక దాక్కున్నాను. "నేనేనే, అమ్మనే" అంటూ దగ్గరికొస్తే ఇంకా అరిచాను. చివరికి అవ్వ, "కొంగు కప్పుకోమ్మే, పిల్ల జడుసుకుంటా ఉండాది" అంది. అమ్మ చీర కొంగు తల నిండా కప్పుకుని నుదుటి దాకా లాక్కుంది. అప్పుడు ఆ మొహం మా అమ్మదైంది. నేను పోయి ఒళ్ళో కూర్చున్నాను. అమ్మ జుట్టు మళ్ళీ పెరగలేదు. వేలెడు కూడా రాకముందే పోయింది. ఆ కొంగు చాటు మొహమే నాకు మిగిలింది.

నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు కొండ మీద పెద్ద ఉత్సవాలకు జనం విరగబడి వచ్చారు. కొండ దిగే బస్సులు ఆగేచోట ఊరి పెద్దలు తాటాకు పందిరొకటి వేయించారు. తప్పిపోయినవాళ్ళ పందిరి. ఆదివారం పూట దాని పని మా దళానిది. అప్పట్లో జేబుల్లో ఫోన్లు లేవు. చెయ్యి వదిలితే మనిషి పోయినట్టే. మళ్ళీ దొరకాలంటే ఆ పందిరీ, దాని గుంజకు కట్టిన మైకూ, మైకు ముందు కూర్చునే ఒక తాతా, ఇవే దిక్కు.

టీచరు పొద్దున్నే మమ్మల్ని వరసలో నిలబెట్టి చెప్పింది. "ముందు నీళ్ళు, తర్వాత పేరు, ఆ తర్వాతనే మైకు. నేనే అమ్మనని ఎవురొచ్చి చెప్పినా సరే, పిల్ల తనంతట తాను పోతేనే ఇయ్యాల. పోకపోతే ఆయమ్మ ఇంకొకర్ని పిల్చుకోని రావాల. తెలిసిందా?" ముందటేడు ఎక్కడో ఒక పిల్లోణ్ణి వేరేవాళ్ళ చేతికిచ్చి నానా గొడవైందట, అందుకని ఆ కట్టడి. ఒక పొడుగాటి పుస్తకం ఇచ్చింది. పిల్ల వచ్చిన గంట, గుర్తులు, అప్పగించిన గంట, తీసుకున్నవాళ్ళ వేలిముద్ర.

గుర్తుల దగ్గరే తంటా వచ్చింది. కొండ దిగి వచ్చే పిల్లలందరికీ గుండే, అందరి గుండ్ల మీదా గంధమే. ఆడో మగో కూడా తెలీదు. మైకు తాత పొద్దున, "గుండు చేసుకున్న మూడేళ్ళ పిల్లోడు పందిట్లో ఉండాడు, తల్లి యాడున్నా రావాల" అని ఒక కేక వేశాడో లేదో, పదిమంది తల్లులు పరిగెత్తుకొచ్చారు. సగంమంది చంకల్లో వాళ్ళ పిల్లలు ఉన్నారు కూడా. గుండు అనేసరికి కంగారులో చంక చూసుకోలేదు పాపం. తాత తల పట్టుకుని, "ఇంక చొక్కా రంగు చెప్పండి పాపా, గుండు సంగతి ఎత్తొద్దండి" అన్నాడు.

మధ్యాహ్నం దాటాక ఎవరో పెద్దాయన ఒక ఆడపిల్లను ఎత్తుకొచ్చి నా ముందు దించాడు. ఆకుపచ్చ గౌను, మెరిసే గుండు, ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్ళు. ముందు నీళ్ళు ఇచ్చాను. "నీ పేరేమి?" అంటే "పాప" అంది. "మీ అమ్మ పేరు?" "అమ్మ." "మీ ఊరు?" కొంచెం ఆలోచించి, "ఇల్లు" అంది. అదే రాశాను పుస్తకంలో. తాత ఆకుపచ్చ గౌను అని మైకులో చెప్పాడు. చెమటకూ ధూళికీ పిల్ల ఒళ్ళంతా మట్టి. తడిగుడ్డతో తుడిచాను. గౌను ఎత్తి పొట్ట తుడుస్తుంటే మొలతాడు కనిపించింది, దానికి ఒక రాగి కాసు, ఒక చిన్న తాయెత్తు.

మా నాయన కిందటి నెల తెచ్చిన బెల్లం ముక్క నా గౌను జేబులో ఉండేది. అది పందిట్లో పిల్లలకని ఉంచిన బొరుగుల్లో కలిపి పెట్టాను. మొదటి పిడికెడు అనుమానంగా తిని, రెండో పిడికెడుకు నా ఒళ్ళోకి ఎక్కింది. మూడోదానికి నా ఈల తాడు వేలికి చుట్టుకుని, తల నా రొమ్ము మీద ఆనించింది. గంధం వాసన, బెల్లం వాసన, పసిపిల్ల చెమట వాసన. నన్నెవరూ అలా పట్టుకుని చాలా ఏళ్ళయింది. ఉలిక్కిపడి కళ్ళు తెరిచినప్పుడల్లా "అక్కా" అని, నేనున్నానని చూసుకుని మళ్ళీ కళ్ళు మూసుకునేది. ఆ రోజు కూడా ఆదివారమే. హాస్టలు వరండాలో ఆ వేళకు క్యారియర్లు విప్పుతుంటారు. ఆ సంగతి ఆ రోజు నాకు మొదటిసారిగా గుర్తు రాలేదు.

మూడు గంటలప్పుడు తాత టీ తాగడానికి పోయాడు. పులికాట్ పిల్లనీ మిగతావాళ్ళనీ టీచరు తన వెంట రోడ్డు అవతలికి తీసుకుపోయింది. అప్పుడు ఆమె వచ్చింది.

పరుగునే వచ్చింది. పచ్చటి నేత చీర, పరుగులో తల మీంచి జారిపోయిన కొంగు, గుండు, చెవుల దగ్గర ఎండిన గంధం. మమ్మల్ని చూసి "నా తల్లీ" అని చేతులు చాపింది. నా ఒళ్ళో పిల్ల కళ్ళు తెరిచి ఆ మనిషిని చూసి కెవ్వుమంది. నా మెడ చుట్టూ రెండు చేతులూ బిగించి, మొహం నా స్కార్ఫులో దాచుకుంది. ఆమె దగ్గరికొచ్చిన కొద్దీ అరుపు ఎక్కువైంది.

"నేనేమ్మా, అమ్మను సూడు, అమ్మను" అంటోంది ఆమె. పిల్ల చూడలేదు.

"పిల్ల రాలేదు గదమ్మా" అన్నాను.

"పొద్దున్నే తలనీలాలు తీపిచ్చుకుంటిమి అమ్మణ్ణీ, నేనూ, మా ఆయనా, పిల్లా. బస్సు దిగేటప్పుడు జనంలో చెయ్యి జారిపోయినాది. ఇది నా బిడ్డే. సూడు కావాలంటే, మొలతాడుకు రాగి కాసుండాది, తాయెత్తుండాది. మా అమ్మ కట్టినాది."

రాగి కాసు నేను చూశాను. తాయెత్తూ చూశాను. ఆమె ఎవరో నాకు తెలుసు. పిల్ల ఎందుకు అరుస్తోందో కూడా తెలుసు. ఆ పందిట్లో కాదు, మొత్తం తిరుపతిలో ఆ సంగతి నాకు తెలిసినంతగా ఎవరికీ తెలిసి ఉండదు. కొంగు కప్పుకోమ్మా అని ఒక్క మాట అంటే చాలు. అది నా నోటి దాకా వచ్చింది. పిల్ల వేళ్ళు నా మెడ వెనక గట్టిగా పట్టుకున్నాయి.

"పిల్ల తనంతట తాను వస్తేనే ఇయ్యాల. మా టీచరు చెప్పినాది" అన్నాను. "మీ ఆయన్ని పిల్చుకోని రాపో."

ఆమె నా స్కార్ఫు చూసింది, ఈల చూసింది, ముందున్న పుస్తకం చూసింది. నాకు పదమూడేళ్ళు. ఆమెకు నా కంటే పదేళ్ళు ఎక్కువ ఉంటాయేమో. పందిట్లో ఇంకో పెద్దమనిషి ఉండి ఉంటే వాదించేదేమో. అయ్యో, అట్లనా అని గొణిగి, "ఆయప్ప రైలు స్టేషను పక్క ఎతకను పోయినాడే, యాడుండాడో ఏమో" అని అటూ ఇటూ చూసి, "బిడ్డను జాగర్తగా సూసుకో అమ్మణ్ణీ" అని నాకు చెప్పి, మళ్ళీ జనంలోకి పోయింది. పోతూ పోతూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది.

తాత వచ్చాక నేనేమీ చెప్పలేదు. ఆ తర్వాత రెండు గంటల పైనే ఆ పిల్ల నాతో ఉంది. ఆ రెండు గంటలూ నేను సంతోషంగా ఉన్నాను. దాన్ని దాచి రాయడంలో అర్థం లేదు. పిల్లకి ఈల ఊదడం నేర్పాను. నా స్కార్ఫు తీసి దాని గుండుకు కట్టాను. కిచకిచ నవ్వింది. ఈ పిల్లని హాస్టలుకు తీసుకుపోతే నా మంచం మీద గోడ పక్కన పడుకోబెట్టుకోవచ్చని, నా పళ్ళెంలో సగం పెట్టొచ్చని, ఏవేవో అనుకున్నాను. ఎవరైనా అడిగితే చెప్పుకోవడానికి నా దగ్గర టీచరు మాట ఉండనే ఉంది.

పొద్దు వాలే వేళకు పిల్ల నవ్వడం మానేసింది. ఈల పక్కన పడేసి, "అమ్మ యాడ?" అంది. "వస్తాదిలే" అన్నాను. "అమ్మ యాడ?" అని మళ్ళీ అడిగింది. బెల్లం పెడితే వద్దంది. ఒళ్ళోంచి దిగి పందిరి గుంజ పట్టుకుని రోడ్డు వైపే చూస్తూ నిలబడింది. హాస్టలు గేటు ఊచలు పట్టుకుని నేను అలాగే నిలబడేదాన్ని. అప్పుడు నాకు భయం పట్టుకుంది. ఆమె మళ్ళీ రాకపోతే? రైలు స్టేషను దగ్గర ఆమె కూడా తప్పిపోతే?

దీపాలు పెట్టే వేళకు వచ్చింది. ఒక్కతే వచ్చింది. కాళ్ళకు చెప్పుల్లేవు, ఎక్కడ తెగిపోయాయో. అరిచి అరిచి గొంతు పోయింది. భర్త దొరకలేదు. ఈసారి పిల్ల దగ్గరికి రాలేదు. దూరంగా పందిరి చివరి గుంజకు ఆనుకుని కూలబడి, "నేను దగ్గరికి రానులే అమ్మణ్ణీ, జడుసుకుంటాది. ఈడనే కూర్చోని సూసుకుంటా. మా ఆయన వచ్చినాక ఇద్దువు" అంది. అని, ఏడుపు ఆపుకోలేక కొంగు తల మీదుగా లాక్కుని నోటికి అడ్డం పెట్టుకుంది.

పిల్ల తల తిప్పి చూసింది. కొంచెం సేపు కదలకుండా చూసింది. తర్వాత, నా స్కార్ఫు తలకు కట్టుకునే, ఎవరూ పిలవకుండానే నడుచుకుంటూ పోయి, ఆమె ఒళ్ళో కూర్చుని, "అమ్మా, ఇంటికి పోదాం" అంది.

ఆమె ఏడుపు నేను రాయలేను. అప్పుడే టీచరు వచ్చి ఏమైందని అడిగింది. నేను నోరు తెరవకముందే ఆమె లేచి నిలబడి చెప్పింది. "మొదట వచ్చినప్పుడు బిడ్డ నా దగ్గరికి రాలేదు తల్లీ, గుండు జూసి. ఎవురో ఏమో అని ఈ పాప ఇయ్యలా. శానా మంచి బిడ్డ. ఊరికే ఎవురికంటే వాళ్ళకు ఇచ్చేసుంటే నా గతేమి?" అని నా బుగ్గలు నిమిరి మెటికలు విరిచింది. కొంగుముడి విప్పి, ఊరికి తీసుకుపోవాల్సిన లడ్డులోంచి సగం విరిచి నా నోట్లో పెట్టింది. ప్రసాదం కాబట్టి ఉమ్మెయ్యలేను. టీచరు నా భుజం మీద చెయ్యి వేసింది. పుస్తకంలో అప్పగించిన గంట ఆరు అని రాశాను. తల్లి మొదటిసారి వచ్చిన గంటకు ఆ పుస్తకంలో గడి లేదు. తాత మళ్ళీ మైకులో వేసిన కేక విని, రెండు వీధుల అవతల నుంచి భర్త కూడా వచ్చాడు. ముగ్గురూ మూడు గుండ్లతో, నా స్కార్ఫు తిరిగిచ్చి, జనంలో కలిసిపోయారు.

మరుసటి రోజు ప్రార్థన దగ్గర టీచరు నన్ను ముందుకు పిలిచి, కట్టడి తప్పకుండా నిలబడిన పిల్ల అని చెప్పి, స్కార్ఫుకు గుచ్చుకునే ఇత్తడి బిళ్ళ ఇచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. పులికాట్ పిల్ల అందరికంటే గట్టిగా కొట్టింది. ఆ రాత్రి అన్నం దగ్గర బిళ్ళను చూపించమని ఒకటే పోరు. తలనొప్పి అని లేచిపోయాను.

నెల తిరిగాక నాయన వచ్చాడు. చొక్కా నిండా బెల్లం వాసన. వరండాలో పక్క పక్కన కూర్చున్నాం. బిళ్ళ చూసి ఏమిటని అడిగితే కథంతా చెప్పాను. టీచరు చెప్పినట్టు చెప్పాను, ఆ తల్లి చెప్పినట్టు చెప్పాను. నాకు తెలిసినట్టు చెప్పలేదు. నాయన విని, నెమ్మదిగా నవ్వాడు.

"నువ్వూ అంతే గదా పాపా. మీ అమ్మ గుండు జూసి మూడు దినాలు దగ్గరికి పోలా నువ్వు."

"మూడు దినాలా? ఆ పొద్దే పోయినా గదా నాయనా? అవ్వ కొంగు కప్పుకోమనె గదా?"

"అవ్వకు మూడో దినం గదా తట్టినాది. అంతవరకు మాకెవురికీ తెలియలా. ఆ మూడు దినాలు మీ అమ్మ మెతుకు ముట్టలా. గోడ పక్క తిరుక్కోని పండుకోనుండె. ఎవురన్నా రవంత ముందు చెప్పుంటే బాగుండె అని మీ అవ్వ శానా దినాలు అనుకుంటా ఉండె" అన్నాడు, బెల్లం పొట్లం తాడు విప్పుతూ. మామూలుగానే అన్నాడు. ఆయనకేం తెలుసు. నేను లేచి కొళాయి దగ్గరికి పోయి మొహం కడుక్కున్నాను. మొహం ఎంతసేపు కడుక్కుంటావు పాపా అని ఆయన పిలిచేదాకా అక్కడే ఉన్నాను.

తర్వాత రెండేళ్ళూ ఉత్సవాలకు ఆ పందిట్లోనే కూర్చున్నాను. గుండుతో ఏ తల్లి పరుగెత్తుకొచ్చినా, పిల్ల మొహం కంటే ముందు ఆమె మొహమే చూసి, "కొంగు కప్పుకోమ్మా" అనేదాన్ని. ఎంతమందికి చెప్పానో గుర్తు లేదు. చెప్పాల్సిన ఒక్కామెకు చెప్పలేదు. ఇప్పుడు ఆ చోట పందిరి లేదు, మైకు లేదు, తాత ఎప్పుడో పోయుంటాడు. ఎవరైనా తప్పిపోతే ఫోనులో ఫోటో చూపించి వెతుక్కుంటున్నారు. ఆ ఆకుపచ్చ గౌను పిల్లకి ఇప్పుడు పెద్ద పెద్ద పిల్లలుంటారు. ఆ సాయంత్రం దానికి గుర్తుండదు. ఆమెకు గుర్తుంటుంది, నేను మంచి పిల్లనని.

ఎదురింటి పిల్లకి మజ్జిగ దగ్గరా సుద్దముక్క దగ్గరా ఆపేశాను. గంట ఎప్పుడు గడిచిందో తెలియలేదు. మురుకులు పళ్ళెంలో పెట్టాను, తింటోంది. పిల్ల సోఫా అంచు వదిలి వెనక్కి జారి, కాళ్ళు పైకి మడుచుకుంది. ఎన్నాళ్ళయిందో ఈ ఇంట్లో ఎవరైనా అలా కూర్చుని. ఇంకా మురుకులు తెద్దామని లేచేసరికి ఎదురు తలుపు తెరుచుకున్న చప్పుడు, వాళ్ళమ్మ పిలుపు.

"ఫర్వాలేదు ఆంటీ, ఇంకాసేపు ఉంటాను. తర్వాత ఏమైందో చెప్పండి" అంది పిల్ల. నిజంగానే అంది.

"ఏమీ కాలేదు తల్లీ. లే, మీ అమ్మ పిలుస్తా ఉండాది" అన్నాను. ఎన్నో ఏళ్ళ తర్వాత నా నోట మా ఊరి మాట వచ్చింది.

కాగితం అందుకుని, వెళ్ళిన సమయం దగ్గర ఆరు అని రాసి సంతకం పెట్టి ఇచ్చాను. పిల్ల చెప్పులు వేసుకుని పరుగెత్తింది. వాళ్ళ తలుపు పడేదాకా నా తలుపు దగ్గర నిలబడి, లోపలికి వచ్చి, పళ్ళెంలో మిగిలిన మురుకులు డబ్బాలో పోసి మూత పెట్టాను.